గంజి నాది, నలుపు అక్కది

మా అక్క మీద నాకు అసూయ. ఇప్పటికీ ఉంది. ఆమె జుట్టు నాకంటే ముందు నెరిసిందన్నదొక్కటే నాకు దొరికిన ఊరట. మా ఇద్దరిలో ఏది ముందు దక్కాలన్నా ఆమెకే దక్కింది. పుట్టడమే ముందు పుట్టింది, ఇక మిగతావి నా కోసం ఆగుతాయా?

మాది నిజామాబాదులో నేతపని ఇల్లు. చీరల అంచులకు కావలసిన నూలుకు బాపు ఇంట్లోనే రంగు వేసుకునేవాడు. ఎరుపు, పసుపు రంగులు బజారులో పొట్లాలుగా కొనేవాడు కానీ నలుపు మాత్రం కొనేవాడు కాదు. పెరట్లో ఒక మూల పెద్ద బాన ఉండేది. అందులో తుప్పు పట్టిన మేకులు, అరిగిపోయిన కొడవళ్లు, ఎడ్ల నాడాలు వేసి, బోధన్ వైపు నుంచి బండ్ల మీద వచ్చే ముక్కిన బెల్లం కలిపి, నీళ్లు పోసి వారాల తరబడి మాగబెట్టేవాడు. దాని పక్కన నిలబడితే కల్లు దుకాణం ముందు నిలబడ్డట్టే ఉండేది. నూలును ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తే పచ్చబారేది. ఆ పచ్చటి నూలు బానలో మునగగానే కళ్ల ముందే నల్లబడేది. ఎన్ని ఉతుకులు ఉతికినా, ఎంత ఎండలో వేసినా ఆ నలుపు పోయేది కాదు.

ఆ బానకు ఒక పట్టింపు ఉండేది. అందులో ఒక్కరి చెయ్యే పడాలి. ఇద్దరి చేతులు పడితే నలుపు విరిగి బూడిదరంగుకు తిరుగుతుందని మా తాతల నాటి నమ్మకం. మాకు అన్నదమ్ములు లేరు. అందుకని బాపు తన చెయ్యి వణకడం మొదలవగానే బాన కలిపే కట్టెను అక్క చేతిలో పెట్టాడు. నాకు గంజి కుంచె ఇచ్చాడు. వీధిలో బారుగా సాగదీసిన పడుగు నూలుకు గంజి పట్టించడం నా పని. గంజి లేనిదే మగ్గం నడవదని అందరూ అంటారు, నిజమే. కానీ చీర చూసినవాళ్లు ఎవరైనా "అబ్బ, ఏం నలుపు!" అంటారు గానీ "అబ్బ, ఏం గంజి!" అని ఎవరన్నా అన్నారా? మొదటి ఉతుకులోనే పోయే పని నాది.

యాభైల్లో, కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజుల్లోనే మా ఇద్దరినీ బోధన్ దాటి రుద్రూర్ పోయే దారిలోని ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరికి ఇచ్చి చేశారు. అక్కే తోడికోడలైతే కాపురం చల్లగా ఉంటుందని మమ్మల్ని కన్న అవ్వ సంబరపడింది. అవ్వకు అక్కలు లేరు కాబట్టి అలా అనుకుంది.

అక్కడ కూడా మగ్గాలు ఒక్కొక్కటే మూలబడుతున్నాయి. ఆడవాళ్లు బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. బావ చెరుకు బండి తోలేవాడు. మా ఆయన నిజామాబాదులో అద్దాల దుకాణంలో పనికి కుదిరి, బోధన్‌లో పొద్దున రైలెక్కి పోయి సాయంత్రం రైలుకు వచ్చేవాడు. దేవుళ్ల పటాలకు అద్దాలు కోయడం, చట్రాలు బిగించడం ఆయన పని. కొన్నేళ్లకు అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇంటికి నడుమ గోడ లేచింది. నీళ్లు చేదుకునే పాత బాయి గోడకు అవతల అక్క వాకిట్లో పడింది. దాంతోపాటు అత్త కూడా అటే పడింది కానీ, దాని గురించి నాకు పేచీ లేదు.

మేము మా వైపు దిగువన కొత్త బాయి తవ్వించుకున్నాం. నీళ్లు పడ్డాయని డప్పు కొట్టించి, కొబ్బరికాయ కొట్టి, మొదటి చెంబు నోట్లో పోసుకున్నాను. ఉప్పు! మామూలు ఉప్పు కాదు, నాలుక మడత పడేంత. ఆ నీళ్లలో కందిపప్పు పొద్దంతా ఉడికినా పలుకు పలుకుగానే ఉండేది. చాయ విరిగేది. సబ్బు నురగ రాదు. గోడకు అటు మంచినీళ్ల బాయి, ఇటు ఉప్పు బాయి. భూమి లోపల కూడా మా అక్కకు ఎవరో మేలు చేసేవాళ్లు ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది.

అలా రోజూ తాగే నీళ్లకు బిందె పట్టుకుని అక్క వాకిట్లోకి పోవలసి వచ్చేది. పోవడం ఒక ఎత్తు, నిలబడడం ఒక ఎత్తు. ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి బాయి అయితే ఆ ఇంటి ఇల్లాలు పొద్దున మొదటి బిందె ముంచాలి. ఆ తర్వాతే పైవాళ్లు బొక్కెన వేయాలి. ఇల్లాలి బిందె కంటే ముందు పైవాళ్ల బొక్కెన పడితే బాయిలో ఊట వెళ్లిపోతుందట. మా అక్క లేవడం తెల్లవారుజామునే లేచేది. కానీ బిందె ముంచేది కాదు. బాయి గట్టు మీద కూర్చుని జుట్టు విప్పేది. నూనె పెట్టేది. చిక్కు తీసేది. ఒక్కో పాయ దువ్వుతూ, నేను ఖాళీ బిందెతో ఎదురుగా నిలబడి ఉండగా, అడిగిన సంగతే మళ్లీ అడిగేది.

"నిన్న ఏం కూరొండినవే? మరిది రైలు దిగేసరికి పొద్దు గూకిందా?"

"అక్కా, బిందె ముంచరాదే. నా పొయ్యి మీద ఎసరు పెట్టాలె, ఆయన రైలుకు పోవాలె."

"ముంచుతగానీ తియ్. రైలు నీ కోసం ఆగదా ఏంది?"

ఆ జుట్టు కూడా మంచినీళ్లతో కడిగిన జుట్టు. నల్లగా, మెత్తగా జారుతూ ఉండేది. నాది ఉప్పునీళ్లకు కొబ్బరి పీచు అయింది. నేను ఆ దువ్వెన వైపే చూస్తూ, దాని పళ్లు ఒక్కొక్కటీ విరిగిపోవాలని మనసులో కోరుకుంటూ నిలబడేదాన్ని. ఆమె కావాలనే నన్ను నిలబెడుతోందని, తన బాయి అని నాకు రోజూ గుర్తు చేస్తోందని, నాకు అణువంత అనుమానం కూడా ఉండేది కాదు.

డెబ్బైలు వచ్చాయి. ఒక చలికాలం పొద్దున అలాగే నిలబడి ఉంటే, అరుగు మీద కూర్చున్న అత్త అంది.

"అడుక్కునేటోళ్లకు ఆత్రం ఎక్కువ."

అక్క దువ్వెన ఆపింది. అత్తను ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లంతా భగ్గుమంది. బిందె బాయి గట్టు మీద ఠంగున బోర్లించాను. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లంతా వినేటట్టు అన్నాను.

"వచ్చే ఉగాది పచ్చడి నా బాయి నీళ్లతోనే కలుపుత. ఇల్లిల్లూ తిరిగి పోస్త. లేకపోతె నేను మా బాపు బిడ్డనే కాదు. ఇగ ఈ గట్టు ఎక్కితె ఒట్టు!"

అత్త పకపకా నవ్వింది. "చెర్వు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది నీ కథ," అంది. మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా తిరిగింది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆ నెల నా ఒట్టే కాలక్షేపం. ఉప్పునీళ్ల పచ్చడి ఎట్లా ఉంటుందో, ఎవరి నాలుక ఎట్లా తిరుగుతుందో నటించి చూపించుకునేవారట. నేను మాత్రం పొలాల గట్ల వెంట కాలువ దాకా నడిచి, నీళ్లు మోసుకొచ్చి, వడగట్టి కాచి తాగుతున్నాను. నడుము పడిపోయేది. అయినా ఆ గోడ వైపు చూడలేదు.

మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఒక ఆదివారం చెక్క పలకలు, రేకు ముక్కలు, దుకాణంలో అంచు పగిలి పక్కన పడేసిన పెద్ద అద్దం మోసుకుని వచ్చాడు. కాలేజీలో సైన్సు చెప్పే సారు ఒకాయన పిల్లలకు చూపించడానికి అటువంటి పెట్టె చేయించుకున్నాడట. అద్దం కోస్తూ మా ఆయన ఇదేమిటని అడిగితే సారు విడమరచి చెప్పాడట.

"సముద్రం నీళ్లు సుత గిట్లనే మంచిగయితయట," అన్నాడు మా ఆయన. "పెట్టెను వాలుగ పెట్టాలె. లోపల నల్లబట్ట పరువాలె. దాని పై అంచు ఉప్పునీళ్ల తొట్టిల ముంచి పెడితె, దీపం వత్తి నూనె గుంజుకున్నట్టు బట్ట నీళ్లు గుంజుకుంటది. నలుపు ఎండను పట్టుకుంటది. నీళ్లు ఆవిరయి అద్దానికి అంటి కిందికి జారుతయ్. ఉప్పు బట్టకే ఉండిపోతది."

"నల్లబట్టే ఎందుకు? తెల్లదైతె కాదా?"

"తెల్లది ఎండను ఎనుకకు కొడ్తదంట."

నా పెళ్లయ్యాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. పెట్టె తయారైంది. వాకిట్లో రెండు రాళ్ల మీద వాలుగా పెట్టి, కింద అంచున రేకు గొట్టం బిగించి, దాని కింద సీసా పెట్టాం. ఇక కావలసింది నల్లబట్ట. గొడుగు బట్టను మించిన నలుపు ఏముందని పాత గొడుగు విప్పి పరిచాను. పొద్దంతా చూశాం. బట్ట నీళ్లు ముట్టనే ముట్టదు. నీళ్లను ముట్టుకోకుండా ఉండడమే గొడుగు బట్ట పని అని సాయంత్రం అయ్యేదాకా మా ఇద్దరికీ తోచలేదు.

తర్వాత నా పనితనం చూపించాను. పాత తెల్ల ధోవతి తీసుకున్నాను. పొయ్యి మీది మసి గీకాను. మసి బట్టకు పట్టుకుని ఉండాలంటే ఏదో ఒకటి కలపాలి కదా. ఇంకేం కలుపుతాను? గంజి. చిక్కగా కాచి, మసి కలిపి, మా బాపు నేర్పినట్టు కుంచెతో పొడుగునా, అడ్డంగా, ఒక్క పోగు వదలకుండా పట్టించాను. ఆరిన తర్వాత బట్ట రేకులా నిలబడింది. అంత చక్కటి గంజి నా జన్మలో పట్టించలేదు.

పెట్టెలో వేస్తే ఆ బట్ట కూడా నీళ్లు సరిగ్గా పీల్చలేదు. పీల్చిన చోట గంజి నాని, అద్దం కింద వేడికి పులిసింది. అద్దం మీది నుంచి సీసాలోకి నాలుగు చుక్కలు జారితే ఆ నీళ్లకు పులిసిన కలినీళ్ల వాసన. ఉప్పు లేదు గానీ కంపు ఉంది. నేను ముక్కు మూసుకుని సీసా పారబోస్తుంటే గోడ అవతల నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏమే, గంజి పెట్టినవా?"

గోడ మీదుగా ఆమె తల కనిపిస్తోంది. నవ్వుతోంది. లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకున్నాను. గంజి తప్ప నాకు ఏం ఇచ్చారు మరి, పెట్టకుండా ఉండడానికి?

ఉగాది దగ్గర పడుతోంది. ఇక వేరే దారి లేక బాపు దగ్గరికి పోయాను. బాపు అప్పటికే మగ్గం దిగాడు. అరుగు మీద కూర్చుని గంప అల్లుకుంటున్నాడు. పెట్టె సంగతంతా విని మురిసిపోయాడు. నలుపు ఎట్లా చేయాలో చెప్పమని, పాళ్లు చెబితే నేనే బాన పెట్టుకుంటానని అడిగాను. ఆయన గంప మీంచి తల ఎత్తలేదు.

"నలుపు పెద్దదాని చేతిల పెట్టిన బిడ్డా. రెండు చేతులు పడితె ఇరుగుతది. పోయి అక్కనడుగు."

"నీకు నేను బిడ్డను కానా బాపూ?"

"కాకపోతె గంజి ఎవరికిచ్చిన?"

తిరుగు రైల్లో వస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎదుటి బల్ల మీద కూర్చున్న మరాఠీ ముసలామె నా ఇంట్లో ఎవరో పోయారనుకుని, వీపు నిమిరి ఒక జామకాయ ఇచ్చింది. నీళ్లు అక్కవి, నలుపు అక్కది, బాపు అక్క వాడు. ఆ జామకాయ ఒక్కటి నాది. కిటికీలో నుంచి చెరుకు తోటలు పోతుంటే నేను ఒకటే అనుకున్నాను. ఊరంతా నవ్వనీ, ఉప్పు పచ్చడే పోస్తాను గానీ అక్కను అడగను.

తర్వాత కొన్నాళ్లకు పొద్దున్నే వాకిలి ఊడ్వడానికి వస్తే గోడ మీద బట్ట ఒకటి మడతపెట్టి ఉంది. విప్పి చూశాను. ముతక నేత బట్ట, మా పెట్టె కొలతకు సరిగ్గా ఉంది. నలుపు. బాపు బానలో నుంచి లేచిన నలుపు, దారం దారం లోపలి దాకా దిగిన నలుపు. అక్క తన పెరట్లో చిన్న బాన పెట్టి మాగబెట్టినట్టుంది. అంటే నేను బాపు దగ్గరికి పోవడం కంటే ఎంతో ముందే, నా గంజి కంపు ఆమె ముక్కుకు తగిలిన రోజే మొదలుపెట్టి ఉండాలి. అంచు పట్టి చూస్తే మెత్తగా ఉంది. గంజి జాడ లేదు.

దాన్ని తిరిగి గోడ అవతలికి విసిరేద్దామనుకున్నాను. చెయ్యి ఎత్తాను కూడా. మా ఆయన అరుగు మీద నుంచి చూస్తూ, "ఉగాది పచ్చడి పోస్తనన్నది నువ్వే," అన్నాడు. అంతే అన్నాడు.

బట్ట పరిచాం. పై అంచు తొట్టిలో పడగానే నీళ్లు జరజరా పాకి కింది దాకా వచ్చాయి. ఎండ ఎక్కేసరికి అద్దం లోపల మంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ తెల్లదనం చుక్కలైంది, చుక్కలు ధారలైనాయి, సీసాలో టప్ టప్ మని చప్పుడు మొదలైంది. ఎండలోనే గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాను. పొయ్యి మీద అన్నం మాడింది. నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే ఉప్పు లేదు, వాసన లేదు. ఆ రోజు పట్టలేని సంతోషం కలిగింది, అబద్ధం ఎందుకు? ఆ సంతోషంలోనే ఒక ముల్లు కూడా ఉంది. అక్క బాయి గట్టు ఎక్కకుండా ఉండడానికి ఆమె బట్ట మీదుగానే నీళ్లు తాగుతున్నాను.

రోజూ కొంచెం కొంచెం కూడబెట్టి కొత్త కుండ నింపాను. ఉగాది నాడు చింతపండు పులుసు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడి ముక్కలు వేసి పచ్చడి కలిపి, అన్నట్టుగానే ఇల్లిల్లూ తిరిగి గ్లాసుల్లో పోశాను. తాగినవాళ్లు పెదవులు నాక్కుని ఆశ్చర్యపోయారు. "ఉప్పు బాయి నీళ్లేనా?" అని ఒకరు, "అద్దం తోటి ఉప్పు ఇరగ్గొట్టిందట" అని ఒకరు. పెట్టె చూడడానికి మా వాకిట్లో జనం. చివరికి అక్క వాకిట్లోకి పోయాను. బాయి గట్టు ఎక్కలేదు, అరుగు దాకానే. అత్త గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుని, ఇంకొంచెం పొయ్యమంది. అక్క పక్కనే నిలబడి ఉంది. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే వింటోంది. బట్ట మాట ఎత్తలేదు. నలుపు మాట ఎత్తలేదు. నేనైతే? ఆ బట్ట నేను అద్దిందైతే డప్పు వేయించేదాన్ని. చెప్పకుండా ఉండడం కూడా ఆమెకే చేతనయింది చూడండి. ఆ మెప్పంతా నా గొంతులో వేపపువ్వు అయింది.

ఎండలు ముదిరాయి. పెట్టె బాగా పనిచేస్తోంది, మా ఇద్దరి తాగునీటికి సరిపోతోంది. ఇక పొద్దున్నే బిందె పట్టుకుని ఎక్కడికీ పోనక్కర్లేదు. లేచి ఎసరు పెట్టేస్తాను, ఆయన రైలుకు పోతాడు, నేను చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటాను. ఆ వేళకు గోడ అవతల గిరక చప్పుడు వినిపించేది. వెనక ఎప్పుడో పొద్దెక్కిన తర్వాత వినిపించే చప్పుడు ఇప్పుడు తెల్లవారుతూనే, ఒక్క బిందె ముంచినంత సేపే వినిపించి ఆగిపోయేది. అక్క జుట్టు ఎప్పుడు దువ్వుకుంటోందో నాకు అర్థమయ్యేది కాదు. నాకెందుకు అనుకుంటూనే చెవి అటే పెట్టేదాన్ని. ఒక్కోసారి, నిన్న ఏం కూర వండానో నాకు నేనే చెప్పుకుని ఉలిక్కిపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క మా వాకిట్లోకి వచ్చింది. గోడ లేచిన తర్వాత నేనే అటు పోయానుగానీ ఆమె ఇటు రావడం అదే మొదటిసారి. చంకలో మరో నల్లబట్ట ఉంది. పెట్టె దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసి, "ఉప్పు పేరుకున్నది. ఇది తీసి కొత్తది ఎయ్," అంది. అద్దం మీద చెయ్యి వేసి వేడికి వెనక్కి తీసుకుంది. తర్వాత నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. జుట్టు వేలుముడి వేసి ఉంది, నూనె లేదు.

"నీళ్లియ్యవా? గింత ఎండలొస్తి."

చెంబు నింపి ఇచ్చాను. ఆమె ఎత్తి పోసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగింది. ఏం అంటుందోనని నేను ఆమె నోటి వైపే చూస్తున్నాను. బాగుందంటే నా గెలుపు, లేదంటే పోట్లాడవచ్చు, రెండిటికీ సిద్ధంగా ఉన్నాను.

"ఉప్పు లేదు, తీపి లేదు," అంది అక్క. చెంబు పక్కన పెట్టింది. "బిందె ముంచితె నువ్వు నీళ్లు చేదుకోని ఎల్లిపోతవని, పొద్దెక్కిందాక తల దువ్వుకుంట కూసునేదాన్ని. ఆ ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్లు ఎవలున్నరే? గీ నీళ్ల కోసమానే నన్ను ఇడిచిపెట్టినవు?"

నేను సగం చుట్టిన బీడీని చాటలో పెట్టేశాను. ఎన్నో రోజులుగా నా గొంతులో ఆడుతున్న మాట అది. గోడ దాటి పోయి, గట్టు కింద నిలబడి, "నువ్వు లేక పొద్దు పోతలేదే" అందామని రోజూ అనుకుని, రోజూ ఆగిపోతున్నాను. ఇదిగో, ఆ మాట కూడా ఆమే ముందు అనేసింది.